ముక్కుబావకి దొరకని దొంగ

రండి, ఇలా దగ్గరికి జరగండి. నిలబడ్డవాళ్లు కూర్చోండి, కూర్చున్నవాళ్లు పడుకోకండి. వెనకాల గుసగుసలాడుతున్న వదినగారూ, ఆ పక్కింటి గొడవ రేపటికీ అలాగే ఉంటుంది, ఎక్కడికీ పారిపోదు. దగ్గేవాళ్లుంటే ఇప్పుడే దగ్గేసుకోండి. ఈ కథలో దగ్గు కూడా ఉంది, అది కథ దగ్గో మీ దగ్గో తెలియక నేను తికమక పడతాను. అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు. నాకు అతికించడం చేతకాదు, అందుకే నిజమే చెబుతున్నాను.

మా అక్క మొగుడు, అంటే మా బావ. ఊళ్లో అందరూ ఆయన్ని ముక్కుబావ అనేవాళ్లు. ఆయన వయసుకి రెట్టింపు ఉన్న ముసలాళ్లు కూడా బావ అనే పిలిచేవాళ్లు. ముక్కు పెద్దదని కాదు. మామూలు ముక్కే, జలుబు చేస్తే కారే ముక్కే. కానీ పొగాకు షెడ్డులో ఆ ముక్కు చెప్పిందే తీర్పు.

పొడవాటి షెడ్డు అది. పైకప్పులో ఒక పక్కంతా అద్దాలు, ఎండ పడకుండా వెలుతురు మాత్రం దిగేలా. కింద వరసగా బల్లలు. బల్లల దగ్గర ఆడవాళ్లు ఆకు ఏరేవాళ్లు. నిమ్మపండు రంగుది ఒక పక్క, నారింజ రంగుది ఒక పక్క, మచ్చలున్నదీ చిరిగినదీ ఇంకో పక్క. ఆ వరస చివర ఎత్తుకుర్చీలో మా బావ. రైతులు తెచ్చిన బేళ్లు, అంటే గోనెలో బిగించిన ఆకు మూటలు, ఒక్కొక్కటే ఆయన ముందుకి వచ్చేవి. లోపలికి చెయ్యి దూర్చి గుప్పెడు ఆకు లాగి, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు.

"ఇది కాలవ పక్క పొలంది. కోసినరోజు మబ్బేసింది. కోసినాయనకి ఆవేళ పెళ్లాంతో పడలేదు, ఆకుని విసురుగా తెంపాడు" అనేవాడు. రైతు నోరు తెరిస్తే మళ్లీ మూయడానికి ఇద్దరు సాయం పట్టాల్సొచ్చేది.

ఓసారి బేలు విప్పకుండానే "నడిమధ్యలో మేక ఉంది" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. విప్పి చూస్తే మేక లేదు. మేక మెడలో ఉండాల్సిన గంట ఉంది. మేక మాత్రం వెనక బండిలో వచ్చి, గేటు దగ్గర నిలబడి గంట కోసం అరుస్తోంది.

నేను అదే కంపెనీలో బ్యారన్ మంట చూసేవాణ్ని. బ్యారన్ అంటే పచ్చాకుని కర్రలకి అల్లి, వేలాడదీసి, వేడితో ఆరబెట్టే ఎత్తైన గది. లోపలికి ఆకుపచ్చగా వెళ్లిన ఆకు బంగారం రంగులో బయటికొస్తుంది. ఆ రంగు నా గొప్పే అనుకుంటూ మీసం తిప్పేవాణ్ని.

ఇక బావ ముక్కు కింద ఎప్పుడూ ఒక సిగరెట్టు ఉండేది. తనే ఏరుకున్న ఆకు, తనే తరిగి, తనే కాగితంలో చుట్టుకున్నది. ఒకటి ఆరకముందే దాంతోనే ఇంకోటి అంటించేవాడు, మధ్యలో ఖాళీ దొరికితే దగ్గేవాడు. మా ఊళ్లో అగ్గిపెట్టెల వ్యాపారి ఆయనతో మాట్లాడేవాడే కాదు.

అలాంటి ముక్కు ఒక ఏడాది తప్పింది. మేలిరకం అని పంపిన బేల్లో బూజు బయటపడింది. కొన్నాళ్లకి ఇంకో బేల్లోనూ. ఇంట్లో అక్క పాలు మాడ్చేస్తే, పొయ్యి పక్కనే కూర్చున్న మనిషి "ఇవాళ ఏమన్నా వండుతున్నావా" అని అడిగాడట.

మేనేజరు మంచివాడే. బావని పక్కకి పిలిచాడు.

"మేస్త్రీ, సిగరెట్లకి ఆకు రకాలు కలపడం మొదలయ్యేలోగా మీ ముక్కు సంగతి చూసుకోండి. ఈసారి తప్పితే నా చేతుల్లో ఏం ఉండదు. కుర్చీ ఇంకొకళ్లకి ఇచ్చి, మిమ్మల్ని గోనెసంచుల గదిలో వేస్తారు."

గోనెకి ఎన్నటికీ ఒకటే వాసన. ఆ ముక్కుని తీసుకెళ్లి గోనెల మధ్య పెట్టడమంటే పాటగాణ్ని చెవిటివాళ్ల ముందు కూర్చోబెట్టడమే. ఆ పూట బావ ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాడు గానీ కలపలేదు.

బావ కూతురు, నా మేనకోడలు, ఊరి చివర పరీక్షల ఆఫీసులో పని చేసేది. సిగరెట్టు పొగలో ఏమేం ఉన్నాయో మిషనుతో కొలిచే ఆఫీసు. తండ్రి మొహం చూసి పక్కనే చతికిలబడింది.

"నాన్నా, నీ ముక్కుని తినేస్తున్నది నీ సిగరెట్టే."

"బజారు సిగరెట్టు గురించి చెప్పు తల్లీ, వింటాను. నాది చేత్తో ఏరిన ఆకు. అందులో చెడెక్కడుంది?"

"ఆకులో ఏముందో కాదు నాన్నా, కాలితే ఏమవుతుందో చూడాలి."

"ఏమవుద్ది, బూడిదవుద్ది. చెడంటే బియ్యంలో రాయి లాంటిదమ్మా. ఉంటే ఏరెయ్యాలి. ఏరడంలో మీ నాన్నని మించినవాడెవడు?"

"ముందు మీ చొక్కాకున్న బొక్కలు ఏరండి" అంది అక్క వంటింట్లోంచి. "నిప్పురవ్వలు పడీ పడీ, జల్లెడ తొడుక్కుని తిరుగుతున్నారు."

బావకి పౌరుషం వచ్చింది. "సరే, ఏరే చూపిస్తా. నా ఆకు పొగ శుభ్రమని మీ మిషనే చెబితే, ఈ ఇంట్లో నా సిగరెట్టు గురించి ఎవరూ నోరెత్తకూడదు. చెప్పలేదనుకో, మానేస్తా. తాడో పేడో తేలిపోవాలి."

"తేలేదాకా?" అంది అక్క.

"తేలేదాకా ముట్టను. ఏరే పనికి ముక్కు కావాలిగా."

ఆ మాట ఆయన నోట్లోంచి పూర్తిగా బయటికి రాకముందే ఆయన లైటరు అక్క చేతిమీదుగా బియ్యం డబ్బాలోకి పోయింది.

మొదటిసారి నేనూ తోడెళ్లాను. ఆఫీసు గేటు దగ్గర ఒక వాచ్‌మన్ ఉన్నాడు. అడిగినా అడక్కపోయినా ప్రతిదాని మీదా ఒక మాట అనే మనిషి. "మనుషులు తాగేది చాలక దానికి కూడా నేర్పారండీ" అన్నాడు, గదివైపు గడ్డం చూపిస్తూ.

లోపల గాజు గదిలో ఉంది ఆ మిషను. గుండ్రంగా తిరిగే పెద్ద పళ్లెం, దాని చుట్టూ ఇరవై నోళ్లు. ప్రతి నోట్లోనూ బావ ఆకుతో చుట్టిన సిగరెట్టు. వంతులవారీగా ఒక్కో నోరూ ఒక్కో దమ్ము పీలుస్తుంది. దగ్గదు, ఉమ్మదు, నీతులు చెప్పదు. పీల్చిన పొగంతా తెల్లటి గుండ్రటి బిళ్ల గుండా పోతుంది. పెట్టినప్పుడు ఆ బిళ్ల ఉతికిన దుప్పటిలా ఉంది. తీసినప్పుడు నా బ్యారన్ పొగగొట్టం లోపలి గోడలా ఉంది.

బావ దాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "ఇది నా ఆకులోంచేనా?"

"నీ ఆకు తియ్యగా ఉంటుంది కదా నాన్నా."

"అదేగా దాని గొప్ప. పసుపాకంటేనే పంచదార."

"ఆ పంచదార కాలితే కళ్లు మండించే ఆవిరి పుడుతుంది. కాలేజీల్లో చచ్చిన కప్పల్ని సీసాల్లో నిలవ ఉంచుతారే, ఆ మందు ఆవిరి కూడా. ఆ రెండూ ఆకులో లేవు. తీపిలోంచి వచ్చాయి."

బావ కాసేపు తీపి చేసిన ద్రోహం గురించి ఆలోచించాడు. తర్వాత లేచి, "అయితే తీపి ఏరేస్తా" అన్నాడు.

పెరట్లో గాబు నిండా నీళ్లు పోసి ఆకుని నానబెట్టాడు. నీళ్లు మార్చాడు, మళ్లీ నానబెట్టాడు. ఊళ్లో చీమలన్నీ వచ్చి గాబు చుట్టూ బారులు తీరి, తమకి ఈత నేర్పనందుకు పెద్దవాళ్లని తిట్టుకున్నాయి. తీపి పోయిన ఆకుని ఆరబెట్టి, చుట్టి, మళ్లీ మిషను నోట్లో పెట్టాడు.

ఈసారి పొగ బయటికి రాగానే బావ ముక్కుపుటాలు అదిరాయి. "వెంట్రుకలు కాలినట్టుందేంటి?"

నేను అదాటున ఆయన వైపు చూశాను. పాలు మాడితే తెలియని ముక్కు అది. ఆయన గమనించుకోలేదు.

"మాంసకృత్తులు నాన్నా" అంది పిల్ల. "పప్పులో, గుడ్డులో ఉండేవే. తింటే బలం. ఆకులోనూ ఉంటాయి. కాలినప్పుడు వాటిలోంచి సయనైడు వాయువు పుడుతుంది."

"సయనైడా?"

"కొంచెమే. కానీ ప్రతి దమ్ములోనూ."

బావ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "తింటే బలం, కాలిస్తే సయనైడు" అని తనలో తను అనుకున్నాడు. ఆ గొంతులో కోపం లేదు. ఆకాశంలో కొత్త చుక్క కనపడితే చిన్నపిల్లలు అనుకునేటట్టు అనుకున్నాడు.

అక్కణ్నించి ఆయనకి పూనకం వచ్చినట్టయింది. మాంసకృత్తులు వదిలేదాకా ఏవేవో పులుసుల్లో నానబెట్టాడు. ఈనెలు పీకేశాడు, ఎందుకంటే ఈనెల్లో చెక్కలాంటి సరుకు ఉంటుందట, అది కాలితే ఫినాయిలు బంధువర్గమంతా దిగుతుందట. ఆకు మీది మైనం కాలితే తారూ మసీ అవుతుందంటే, సిరా పీల్చే అద్దుడు కాయితాలు వేడిచేసి ఆ మైనం అద్దేశాడు. మా ఇంట్లో ఆ కాయితాలు ఎంత నున్నగా అయ్యాయంటే, వాటి మీద కూర్చున్న ఈగ జారిపడి కాలు విరగ్గొట్టుకుంది.

ఒక రోజు పిల్ల ఎరువు సంగతి చెప్పింది. చేలో వేసిన నత్రజని ఎరువుని ఆకు తాగుతుందట. కాలితే అది లారీ వెనక గొట్టంలోంచి వచ్చే వాయువు అవుతుందట. పైగా నికోటిన్ చుట్టాలతో జతకట్టి, కేన్సరు తెచ్చే సరుకుని పుట్టిస్తుందట.

"అది మాత్రం అంతా మంటలో పుట్టేది కాదు. కొంత ఆకు ఆరేటప్పుడే పుడుతుంది" అంది.

"ఆరేటప్పుడంటే" అన్నాను నేను, "నా బ్యారన్లోనా?"

"మీ బ్యారన్లోనే మామయ్యా."

అప్పటిదాకా కడిగిన ముత్యంలా కూర్చున్నవాణ్ని. మెల్లగా మీసం మీంచి చెయ్యి దించుకున్నాను.

ఈ ఏరుడు మధ్యలో ఇంట్లో వింతలు మొదలయ్యాయి. పక్కింటి టైలరు సబ్బు మార్చాడని బావ గోడకి ఇవతల నుంచే చెప్పాడు. మూడిళ్ల అవతల పసిపాప పక్క తడిపితే, తల్లికి తెలిసేలోపే కబురు పంపాడు. వాన కొండకి అవతల ఉండగానే అక్కని బట్టలు తీసెయ్యమన్నాడు. అక్క తీసింది. వాన వచ్చి, తడపడానికి ఏమీ లేక, చిన్నబుచ్చుకుని పోయింది.

"చూశావా" అన్నాడు బావ అక్కతో. "శుభ్రమైన ఆకు పట్టుకుంటుంటే ముక్కు కూడా శుభ్రమైంది."

"పట్టుకోబట్టి శుభ్రమైందా, ముట్టించకపోబట్టా?" అంది అక్క, చేటలోంచి తల ఎత్తకుండానే.

బావ విననట్టు గాబు వైపు వెళ్లిపోయాడు.

చివరికి ఒక ఆకు తయారైంది. తీపి లేదు, చేదు లేదు, రంగు లేదు, ఈనె లేదు, నికోటిన్ లేదు. గాజులా ఉంది. పేపరు మీద పరిస్తే అక్షరాలు కనపడ్డాయి. పేపర్లో కన్నా బాగా కనపడ్డాయి, అచ్చుతప్పులు కూడా దిద్దుకుని. గట్టిగా ఊపిరి వదిలితే ఎగిరిపోతుందని బావ దాన్ని పసిగుడ్డులా రెండు చేతుల్లో పట్టుకుని నడిచాడు. దారంతా నన్ను మాట్లాడనివ్వలేదు. నా బతుకులో నేను పడ్డ కష్టాల్లో అదొకటి.

రేపు షెడ్డులో రకాలు కలపడం మొదలు. అదీ ఆయన మనసులో ఉంది. ఇవాళ మిషను ఔనంటే సిగరెట్టూ కుర్చీ రెండూ దక్కుతాయని ఆయన లెక్క.

అలాంటి ఆకులే చుట్టి ఇరవై నోళ్లకీ అందించింది పిల్ల. తర్వాత గదిలో దీపం ఆర్పేసింది.

"చూడు నాన్నా."

చీకట్లో ఎర్రచుక్కలు. ఒకదాని తర్వాత ఒకటి భగ్గున వెలిగి, మళ్లీ మసకబారుతున్నాయి. చుక్కలు నేలకి దిగొచ్చి ఊపిరి తీసుకుంటున్నట్టుంది. 

"పీల్చినప్పుడు ఆ చుక్క కమ్మరి కొలిమంత వేడెక్కుతుంది" అంది పిల్ల మెల్లగా. "దాని వెనకాల ఆకుకి గాలి సరిగా అందదు. అక్కడ ఆకు కాలదు, విరుగుతుంది. విరిగిన ముక్కలు ఒకదాన్నొకటి పట్టుకుని కొత్తవి అవుతాయి. మేం పేర్లు పెట్టినవే వేలల్లో ఉన్నాయి. పేరు లేనివి ఇంకెన్నో. అన్నీ ఆ మినపగింజంత చోట్లో, ఒక్క దమ్ములో."

బావ గాజుకి నుదురు ఆనించి చూస్తూ నిలబడ్డాడు. ఎన్నేళ్లుగానో ఆ చుక్క ఆయన మూతికి బెత్తెడు దూరంలోనే ఉంది. ఒక్కసారీ దాని మొహం చూడలేదు.

దీపం వేసింది. బిళ్ల తీసింది. మునుపటంత నలుపు కాదు గానీ తెలుపూ కాదు, పలచటి టీ ఒలికినట్టుంది. పక్కనే ఇంకో గొట్టం. అందులో వాసన వచ్చేవన్నీ నీళ్ల సీసాల్లో ఆగిపోయి, మిగిలిన గాలి మాత్రం దాన్ని కొలిచే ఒక ముల్లున్న డబ్బాలోకి పోతోంది. ఆ ముల్లు సగానికి పైగా లేచి నిలబడింది.

"ఇదేంటమ్మా?"

"నువ్వే చెప్పు నాన్నా. ఒక్కసారే, దూరం నుంచి."

బావ చేత్తో గాలిని ముక్కు వైపు తోసుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. కొండ అవతలి వానని పట్టిన ముక్కు అది. మేక లేకుండా మేకగంటని పట్టిన ముక్కు. మేం ఎదురు చూశాం. ఆయన కళ్లు తెరిచాడు.

"ఏం లేదు."

"ముల్లు చూడు."

మళ్లీ వాసన చూశాడు. ముక్కు తుడుచుకుని ఇంకోసారి చూశాడు. మొహంలో రంగు మారింది. "ఏం లేదమ్మా. ఒట్టి గాలి."

"గాలి కాదు నాన్నా, కార్బన్ మోనాక్సైడు. దానికి వాసన లేదు. రక్తంలో ఊపిరి కూర్చోవాల్సిన కుర్చీ ఉంటుంది కదా, ఇది వెళ్లి ఆ కుర్చీలో కూర్చుంటుంది. ఊపిరి వచ్చి నిలబడి, చోటు లేక తిరిగిపోతుంది."

కుర్చీ అనేసరికి బావ తల తిప్పి కూతురి వైపు చూశాడు.

"ఇది ఆకులో ఎక్కడ దాక్కుంది? నేను ఎక్కడ వదిలేశాను?"

"ఎక్కడా వదల్లేదు. నువ్వు ఏరినంత బాగా ఇంకెవరూ ఏరలేరు. మిగిలింది పీచు. అది ఆకుకి ఎముకల్లాంటిది. అదీ తీసేస్తే ఆకే ఉండదు. ఆ పీచు ఎవరికీ అపకారం చెయ్యదు, ఆవులు తింటాయి, కాయితాలు చేసుకుంటాం. ఇప్పుడే, ఈ గదిలో, మన కళ్లముందు అది ఇలా మారింది."

"అయితే బియ్యంలో రాయి కాదన్నమాట."

"కాదు నాన్నా. బియ్యమే రాయవుతోంది."

బావ గాజు మీద తన ఊపిరి మచ్చని తుడిచాడు. తర్వాత, "ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు" అన్నాడు. "వీడు ఇంట్లో కూడా లేడు. నేను అగ్గి పెట్టి పిలిస్తే వచ్చాడు. రోజంతా పిలుస్తూనే ఉన్నాను." గాజుకి అవతల ఒక నోట్లో కాలకుండా మిగిలిన ఆకుముక్కని చూపించి, "దాని తప్పేం లేదు" అన్నాడు, చనిపోయినవాళ్ల గురించి మాట్లాడినంత మర్యాదగా. "ఏరాల్సింది నిప్పుని."

మర్నాడు షెడ్డులో ఆయన ముందు బేళ్లు వరసగా పెట్టారు. మేనేజరు సిగరెట్టు కాలుస్తూ పక్కనే నిలబడ్డాడు. అక్క రానన్నది, మళ్లీ ఎందుకో గేటు బయట నిలబడింది. నేను బ్యారన్ వదిలి కిటికీకి వేలాడాను.

బావ చెయ్యి దూర్చాడు, ఆకు లాగాడు, పక్కన పెట్టాడు. ఇంకోటి. ఇంకోటి. ఒక బేలు దగ్గర ఆగాడు. ఆకు మేలిరకమే, రంగు బంగారమే, చేతికి పట్టులా ఉంది. ముక్కు దగ్గరే ఉంచుకుని కళ్లు మూసుకున్నాడు. బల్లల దగ్గర ఆడవాళ్లు ఏరడం ఆపేశారు.

"మేనేజరుగారూ, మీరు ఆ సిగరెట్టు పట్టుకుని కాస్త బయట నిలబడండి" అన్నాడు. ఆయన వెళ్లి నిలబడ్డాడు. బావ మళ్లీ పీల్చాడు. "లోపల, కింది మూల దగ్గర. ఇప్పుడే మొదలవుతోంది."

విప్పారు. పొర మీద పొర తీశారు. ఏమీ లేదు. మేనేజరు గుమ్మంలోంచి తొంగి చూస్తున్నాడు. అట్టడుగున, కింది మూలలో, చొక్కా గుండీ అంత బూజు. ముట్టుకుంటే పొడి రాలింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ బావ ముక్కు వైపు, గుళ్లో దీపం చూసినట్టు చూస్తూ ఉండిపోయారు. బావ మాత్రం కుర్చీలో వెనక్కి వాలి, "ఈ ముక్కుకి కూడా తెలియనిది ఒకటుంది" అన్నాడు, ఎవరితోనో కాదు, ఊరికే.

సాయంత్రం పరీక్షల ఆఫీసుకి వెళ్లాం, కుర్చీ దక్కిందని పిల్లకి చెప్పడానికి. పిల్ల చేతులు కడుక్కుని వచ్చేలోగా గేటు దగ్గర వాచ్‌మన్ పట్టుకున్నాడు. తీపి దగ్గర్నించి ముల్లు దాకా, బూజు దాకా, అంతా చెప్పించుకున్నాడు. విన్నంతసేపూ నోరు తెరిచే ఉన్నాడు. బావ జేబులోంచి ఆ బియ్యం డబ్బా లైటరు తీసి, "ఇంట్లో ఉంటే చెయ్యి లాగుతుంది, నీ దగ్గర పడేసుకో" అని ఆయన చేతిలో పెట్టాడు.

వాచ్‌మన్ లైటరు వైపు చూశాడు, బావ వైపు చూశాడు, లోపల గాజు గదిలో ఇంకా తిరుగుతున్న మిషను వైపు చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మీరంటే మనిషి కాబట్టి మానేశారు బాబూ" అన్నాడు. "పాపం, దానికి ఇరవై నోళ్లున్నాయి. ఏ చెవిలో చెప్పి మాన్పించాలి?"